రెండో కొస

హాలు గుమ్మం దగ్గర బల్ల వేసుకుని కూర్చున్న అమ్మాయి మేనత్త చేతిలో ఒక కాగితం పెట్టి, పేరూ, చేసే పనీ, ఫోను నంబరూ రాయమంది. మేనత్త ఆ కాగితాన్ని వెనకా ముందూ తిప్పి చూసి, దానితోనే మెడమీది చెమట తుడుచుకుని మళ్ళీ బల్లమీద పెట్టింది. లోపల మాట్లాడబోయేది తన తమ్ముడి కూతురనీ, ఆ పిల్లతో రెండు ముక్కలు తేల్చుకుని వెళ్ళిపోతాననీ చెప్పింది. అమ్మాయి ఆమె కాళ్ళకేసి చూసింది. మోకాళ్ళ దాకా ఏటి బురద ఎండి పెచ్చులు కట్టి ఉంది. చెప్పుల్లేవు. కానీ మేడమ్ గారి సొంత మేనత్తంటే ఎవరాపుతారు? "ముందు వరసలో కూర్చోండి పెద్దమ్మా" అంటూ తనే లేచి దారి చూపించింది.

ముందు వరసలో కూర్చోవడానికి రాలేదామె. పోట్లాడటానికి వచ్చింది. ఇంటి దగ్గర్నుంచి ఇక్కడికి గంట నడక. ఆ గంటసేపూ మేనకోడల్ని ఏమేమి కడిగెయ్యాలో వరస పెట్టుకుంటూ, ఒక్కో మాటకీ పదును పెట్టుకుంటూ వచ్చింది. తీరా చూస్తే హాలు నిండా జనం. రెండు వందల ప్లాస్టిక్ కుర్చీలు, కుర్చీకో మనిషి. వేదిక మీద బల్ల, బల్లమీద పూలగుత్తి, వెనక గోడకి తలుపంత బొమ్మలో మేనకోడలి మొహం. ఆ మొహం కింద ఏదో రాసి ఉంది. పక్క కుర్చీ ఆయన్ని అడిగితే చదివి పెట్టాడు. 'ఏటి బిడ్డతో ఒక సాయంత్రం' అట.

ఏటి బిడ్డట. ఎనిమిదేళ్ళకే హాస్టలుకి పోయి, ఏటిని సెలవుల్లో తప్ప చూడని పిల్ల.

ఈ ఊరు పుట్టకముందు నుంచీ ఆ ఏటిని నమ్ముకుని బతుకుతున్న నలభై గడపల ఆదివాసులు వాళ్ళు. ఊళ్ళో వాళ్ళు వాళ్ళని ఏటివాళ్ళంటారు. ఈ హాలు కట్టిన చోటనే, మేనత్త చిన్నతనంలో వలలు ఆరేసుకునేవాళ్ళు. ఆ సంగతి ఇక్కడున్న రెండు వందల మందిలో ఒక్కడికీ తెలియదు. తెలిస్తే దానికి కూడా చప్పట్లు కొడతారు కాబోలు అనుకుంది మేనత్త.

ఈ మంట గురువారం పొద్దున రాజుకుంది. ఆ రోజు ఏటి దిగువకి వెళ్ళేసరికి, నీళ్ళు పలచగా పారే చోట రెండు గట్లకీ ఎర్రరంగు పూసిన గూటాలు కొట్టి ఉన్నాయి. గూటానికీ గూటానికీ మధ్య, ఏటికి అడ్డంగా, పురికొస లాగి కట్టారు. చూపు ఆనినంత దూరం ఇదే వరస. మేస్త్రీ ఒకడు టేపు పట్టుకుని తిరుగుతున్నాడు. ఏమిటిదని అడిగితే సంబరంగా చెప్పాడు. ఈ పలచనీళ్ళ మీదుగానే, ఏటి వెంబడి, జనం నడవడానికి దారి వేస్తున్నారట. పక్కన బల్లలు, దీపాలు. మేడమ్ గారి పుస్తకం పేరే దారికి పెడతారట. సోమవారం పొద్దున్న ఆరింటికి లారీలు వచ్చి ఈ రాళ్ళమీద కంకర పోస్తాయి. ఇక్కడ పొయ్యకూడదంది మేనత్త. ఎందుకని అడిగాడు మేస్త్రీ. సమాధానం పళ్ళ దాకా వచ్చి ఆగింది. ఆమె నసగడం చూసి మేస్త్రీ తనే ఓదార్చాడు. "చారలచేప గురించేనా పెద్దమ్మా? దిగులు పడకు. అవి గుడ్లు పెట్టేది పై మడుగులో. మేడమ్ గారు పుస్తకంలో పేజీ నంబరుతో సహా రాశారు. అందుకే పైన కంచె వేసి, దారిని కిందికి జరిపాం. ఇదంతా ఆ చేపల కోసమే."

పై మడుగులో చారలచేప ఏనాడూ గుడ్డు పెట్టలేదు. అక్కడున్నవి జలగలూ, పాచీను. ఆ పై మడుగు మాట మేనకోడలికి చెప్పింది మేనత్తే.

ఏటివాళ్ళలో ఒక పద్ధతి ఉంది. తొలి వానకి ఏరు ఎర్రగా వచ్చినప్పుడు చారలచేప ఎదురెక్కి వచ్చి, దిగువన పలకరాళ్ళ కింద గులకల్లో గుడ్లు పెడుతుంది. ఆ పదిహేను రోజులూ ఏటివాళ్ళు వల దించరు. బయటివాళ్ళెవరైనా గుడ్లెక్కడ పెడతాయని అడిగితే పై మడుగని చెప్తారు. తాతల నాటి నుంచీ అదే మాట. గాలాలూ బుట్టలూ పట్టుకుని ఎందరో పైకెక్కి, జారి పడి, జలగల్ని పీకేసుకుంటూ దిగి వచ్చారు. అసలు చోటు సొంత పిల్లలకైనా ఊరికే చెప్పరు. వల లాగాలంటే ఇద్దరు కావాలి. ఒకరు మొదటి కొస పట్టుకుని గట్టున నిలబడితే, ఇంకొకరు రెండో కొస పట్టుకుని నీళ్ళలో దిగాలి. నలభై రోజులు రెండో కొస పట్టి, ఎదురు ప్రశ్న వెయ్యకుండా చెప్పింది చేసినవాళ్ళకి, నలభై ఒకటో రోజున అన్నీ చెప్తారు. మేనత్తకి వాళ్ళమ్మ అలాగే చెప్పింది. తమ్ముడికి తనూ అలాగే చెప్పింది.

పన్నెండేళ్ళ కిందట మేనకోడలు ఇద్దరు కాలేజీ మనుషుల్ని వెంటేసుకుని వచ్చింది. చేతిలో మాటలు పట్టే డబ్బా. "అత్తా, చారలచేప గుడ్లు ఎక్కడ పెడుతుంది?" అని బస్సు ఎన్నింటికని అడిగినట్టు అడిగింది. మేనత్త నోరు దానంతటదే తెరుచుకుని పై మడుగంది. పరాయి వాళ్ళ ముందు ఇంకేం చెప్తుంది? తరవాత ఒక్కతే వస్తుందిలే, నాలుగు రోజులు వల పడుతుందిలే, అప్పుడు చెప్పొచ్చు అనుకుంది. పిల్ల వచ్చింది. ఏటా వచ్చింది. బిస్కెట్ పొట్లాలు తెచ్చింది, చీర తెచ్చింది, కెమెరా తెచ్చింది. ఏనాడూ వల ముట్టుకోలేదు. తిన్నగా పై మడుగుకి పోయి, నడుం లోతు నీళ్ళలో రోజంతా లెక్కపెట్టుకునేది. మధ్యాహ్నం మేనత్తే అన్నం మూట తీసుకెళ్ళి గట్టుమీద పెట్టి వచ్చేది. లెక్కపెట్టడమే దాని ఉద్యోగం కదా, ఉన్నవి లెక్కపెడితేనేం, లేనివి లెక్కపెడితేనేం అని సరిపెట్టుకుంది. ఆ అంకెలన్నీ ఒక పుస్తకంలోకి ఎక్కుతాయనీ, ఆ పుస్తకం చూసి లారీలు కదులుతాయనీ ఆమెకేం తెలుసు?

శుక్రవారం పక్కింటివాళ్ళ ఫోను నుంచి పిలిస్తే, మీటింగులో ఉన్నానత్తా, ఆదివారం లైబ్రరీ హాలుకి వస్తున్నాగా, అక్కడికే రా అని పెట్టేసింది పిల్ల. అందుకే ఇలా వచ్చింది. రేపు ఆరింటిలోగా ఆ లారీలు ఆగాలి. ఆగకపోతే, పది రోజుల్లో తొలి వాన పడి చేప ఎదురెక్కి వచ్చేసరికి దాని రాళ్ళమీద కంకర ఉంటుంది.

లైబ్రేరియన్ మైకు పట్టుకున్నాడు. తెల్లచొక్కా, చెంపల నిండా నవ్వు. మేడమ్ గారు సైంటిస్టు, రచయిత్రి, అన్నిటికీ మించి ప్రకృతి ఒడిలో పుట్టిన మనిషి అన్నాడు. మనం పోగొట్టుకున్న అమాయకత్వం ఆ జనంలో ఇంకా బతికి ఉందన్నాడు. అబద్ధమంటే ఏమిటో తెలియని మనుషులన్నాడు. మేనత్త కుర్చీలో ఇటు జరిగి అటు జరిగింది. కుర్చీ కిర్రుమంది.

అప్పుడు చూసింది మేనకోడలు ఆమెని. మొహం వెలిగిపోయింది. మైకు లాక్కుని, తన పుస్తకంలో సగం ఎవరిదో ఆ మనిషే ఇక్కడున్నారని చెప్పి, వేదిక దిగి వచ్చి, చెయ్యి పట్టుకుని పైకి తీసుకెళ్ళి పక్కన కూర్చోబెట్టింది. మేనత్త పళ్ళ మధ్య నుంచి, "నీతో మాట్లాడాలే, బయటికి రా" అంది. "ఒక్క పేజీ చదివి వచ్చేస్తా అత్తా" అంది పిల్ల. హాలంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. బురద కాళ్ళని ఫొటోలు తీశారు.

పిల్ల చదవడం మొదలుపెట్టింది. గొంతు బాగుంటుంది దానిది, వాళ్ళ నాన్న గొంతే. మొదటి ఏడాది పై మడుగులో ఒక్క గుడ్డు కనబడలేదట. వాన ఆలస్యమైంది, వచ్చే ఏడాది చూద్దాం అనుకుందట. వచ్చే ఏడాదీ లేవు. ఆ పై ఏడాదీ లేవు. పెద్ద చేపలు మాత్రం ఒకటీ అరా ఏట్లో కనబడుతూనే ఉన్నాయి. పెద్దవి ఉండి గుడ్లు లేవంటే అర్థం ఒక్కటే, ఇవి ముసలివి, ఇదే ఆఖరి తరం. మా మేనత్త చూపించిన మడుగులో నిలబడి, మా అమ్మమ్మల నాటి చేపకి నేను వీడ్కోలు చెప్పాను. నీళ్ళు చల్లగా ఉన్నాయి. గట్టుమీద అత్త పెట్టి వెళ్ళిన అన్నం మూట ఉంది. నేను తినలేకపోయాను.

ముందు వరసలో ఒకావిడ పమిట కళ్ళకి ఒత్తుకుంది. వెనక ఎవరో ముక్కు చీదారు.

మేనత్తకి అరికాలి మంట నెత్తికెక్కింది. దీనికోసమా ఈ పిల్ల పుస్తకం నిండా ఏడ్చింది? పోయిన వానలకి రాళ్ళకింద గుడ్లు ఆవాలు పోసినట్టున్నాయే. బతికున్నదానికి ఏడుపేమిటి? ఇంట్లో నడిచి తిరుగుతున్న మనిషికి పాడె కట్టినట్టు. పైగా ఊరంతా కూర్చుని ఆ ఏడుపుకి ముక్కులు చీదడం. ఆ రోజు తినని అన్నం మూట గుర్తొచ్చింది. కుక్కలకి వేసి, పిల్లకి నా వంట సయించలేదు కాబోలు అనుకుని వారం రోజులు మొహం ముడుచుకుని తిరిగింది తను.

పేజీ అయిపోయింది గానీ లైబ్రేరియన్ వదల్లేదు. ప్రశ్నలన్నాడు. రిటైరైన బ్యాంకు మేనేజరు ఒకాయన లేచి, మోకాళ్ళ నొప్పులకి మీ వాళ్ళు ఏ ఆకు వాడతారని అడిగాడు. ఇంకొకావిడ, మీరు చెట్లతో మాట్లాడతారట కదా, అవి తిరిగి ఏమంటాయని అడిగింది. మేనకోడలు నవ్వుతూనే సమాధానాలు చెప్పింది గానీ, బల్ల కింద ఆమె కాలి బొటనవేలు నేలకేసి రాస్తూ ఉండటం మేనత్తకి కనబడింది. చిన్నప్పుడు కూడా అంతే. కోపమొస్తే మొహం నవ్వేది, వేలు నేలని తవ్వేది.

అప్పుడు లేచాడు ఇంజనీరు. మెడలో గుర్తింపు కార్డు, చేతిలో ఎర్రలైటు వెలిగే పుల్ల. తెరమీద ఏటి మేప్ వేయించి, మేడమ్ గారి రిపోర్టు ఆధారంగానే అనుమతి తెచ్చుకున్నామనీ, పై మడుగుని పువ్వులా కాపాడుతున్నామనీ, దిగువన రెండు కిలోమీటర్ల దారి రేపు పొద్దున్నే మొదలవుతుందనీ చెప్పాడు. పుల్ల చివర ఎర్రచుక్క ఏటి దిగువ వెంబడి పాకుతూ పోయింది. హాలు మళ్ళీ చప్పట్లు కొట్టింది. మేనకోడలు కూడా కొట్టింది.

మేనత్త లేచి, మేనకోడలి ముందున్న మైకుని మెడ పట్టినట్టు పట్టుకుని తన వైపు వంచుకుంది. అది కీచుమంది.

"పై మడుగులో చారలచేప గుడ్లు పెట్టదు" అంది. "అది అబద్ధం. చెప్పింది నేనే."

హాలు నవ్వింది. పెద్దావిడ ఏదో తమాషా చేస్తోందనుకున్నారు. నవ్వు సగంలో ఆగింది, ఎందుకంటే ఆమె నవ్వడం లేదు. బయటివాళ్ళు అడిగితే అలా చెప్పడం మా పద్ధతి అంది. ఈ పిల్ల ఇద్దరు బయటివాళ్ళతో వచ్చి అడిగింది, చెప్పాను అంది. చేప పోలేదు, ఎక్కడుండాలో అక్కడే ఉంది. మీరు రేపు కంకర పోస్తే అప్పుడు పోతుంది. అప్పుడు ఏడవండి అందరూ కలిసి.

మేనకోడలు ఆమెకేసి తిరిగింది. మొహంలో నవ్వు లేదు. నేలని తవ్వే వేలు ఆగిపోయింది. మైకు ఇద్దరి మధ్యా బతికే ఉందన్న ధ్యాస ఇద్దరికీ లేదు.

"నాకు కూడానా?" అంది. "వాళ్ళకి చెప్పావు, సరే. నాకు కూడానా అత్తా?"

"నువ్వు వాళ్ళతో వచ్చావు."

"తరవాత పన్నెండేళ్ళు ఒక్కదాన్నే వచ్చాను. నడుం లోతు నీళ్ళలో నిలబడి, వేళ్ళు మొద్దుబారేదాకా రాళ్ళు తిరగేశాను. నువ్వు గట్టుమీదకొచ్చి చూసి, అన్నం పెట్టి పోయావు. ఒక్క మాట. పిచ్చిదానా ఇక్కడ కాదే అని ఒక్క మాట."

"ఒక్కదానివి వచ్చావా? చేతిలో నోటుపుస్తకం, మెళ్ళో కెమెరా. ఏ రోజైనా వల పట్టుకున్నావా? మీ నాన్న పోయినప్పటి నుంచీ రెండో కొస పట్టే దిక్కులేక చెట్టుకి కట్టి లాగుతున్నాను. నేనలా లాగుతుంటే నువ్వు గట్టున నిలబడి ఫొటో తీశావు. అదేగా పుస్తకం అట్టమీద వేసుకున్నావు."

హాల్లో తలలన్నీ ఒక్కసారిగా గుమ్మం పక్కన పుస్తకాలు పేర్చిన బల్లకేసి తిరిగాయి. వంద అట్టలమీద వంద మంది మేనత్తలు, వీపు వంచి వల లాగుతున్నారు. వల అవతలి కొస చెట్టుమానుకి చుట్టి ఉంది. ఆ బొమ్మని ఎంతో అందంగా ఉందని ఇంతకుముందే లైబ్రేరియన్ పొగిడాడు.

మేనకోడలు కూడా ఆ బల్లకేసి చూసింది. తరవాత గొంతు తగ్గించి, అందుకే ఇంకా గట్టిగా తగిలేలా అంది. "రెండో కొస పట్టాలని నాకెవరు చెప్పారు? మీ పద్ధతులు నేర్పే వయసు రాకముందే బస్సెక్కించారు. పెట్టె సర్దింది ఎవరు? బస్సు దాకా మోసింది ఎవరు? చదువుకుంటేనే బతుకుతావని చెప్పింది ఎవరత్తా?"

పెట్టె మోసింది తనే. దాంతో మేనత్తకి కోపం ఇంకా పెరిగింది. తప్పు తనదని తెలిసినప్పుడు వచ్చే కోపమంత మొండిది ఇంకోటి ఉండదు.

ఇంజనీరు మర్యాదస్తుడు. గొంతు సవరించుకుని, పెద్దమ్మ గారూ, తప్పయితే దిద్దుకుందాం, దానిదేముంది అన్నాడు. ఆ చోటేదో ఇక్కడ మేప్ మీద వేలు పెట్టి చూపించండి, అక్కడ వదిలేసి మిగతా చోట పోస్తాం అన్నాడు. ఎర్రలైటు పుల్ల ఆమె చేతికి అందించాడు.

మేనత్త ఆ పుల్లని చూసింది. హాలుని చూసింది. రెండు వందల మంది, వాళ్ళలో సగం మంది ఫోన్లు పైకెత్తి పట్టుకున్నారు. వేలు పెడితే ఏమవుతుంది? రేపు కంచె, ఎల్లుండి బోర్డు, ఆ పై వారం బోర్డు పక్కన నిలబడి రాళ్ళెత్తి చూసే జనం. చూసిన రాయి తిరిగి అలాగే పెడతారా? చారలచేప గుడ్లు పెట్టే చోటని వీడియోలు. వేలు పెట్టకపోతే? లారీలు.

పుల్లని బల్లమీద పెట్టేసింది. "చూపించను" అంది.

హాల్లో గుసగుస లేచింది. ఇంతకుముందు ముక్కు చీదినవాళ్ళే, ఈవిడ ఇప్పుడు చెప్పేది మాత్రం నిజమని నమ్మకమేంటి అన్నారు. ఇదంతా నష్టపరిహారం కోసం అన్నారెవరో వెనక నుంచి, గట్టిగానే. అబద్ధమంటే తెలియని మనుషులన్న లైబ్రేరియన్, టీ చల్లారిపోతోంది, మనం టీ దగ్గర మాట్లాడుకుందాం అన్నాడు.

మేనకోడలు లేచి నిలబడింది.

"మీ అనుమతి నా రిపోర్టు మీద ఉంది కదా?" అని ఇంజనీర్ని అడిగింది. ఉందన్నాడు. "ఆ రిపోర్టు తప్పు. వెనక్కి తీసుకుంటున్నాను."

ఇంజనీరు నవ్వబోయి మానుకున్నాడు. మేడమ్, ఆలోచించండి, మీ పేరు, మీ పుస్తకం, దానికొచ్చిన బహుమతి అన్నాడు. ఒక ముసలావిడ మాట మీద మీరు పన్నెండేళ్ళ సైన్సుని కొట్టేసుకుంటారా అన్నాడు.

"ఆ పన్నెండేళ్ళూ ఆవిడ మాట మీదే నడిచాయి" అంది మేనకోడలు. "లేని చోట వెతికితే లేవనే వస్తుంది. నా క్లాసులో మొదటి ఏడాది పిల్లలకి నేను చెప్పే పాఠం అది. ఇంకెవరు చెప్పినా నాలుగు చోట్ల వెతికి సరిచూసుకునేదాన్ని. మా అత్త చెప్పింది కదా అని చూసుకోలేదు." మేనత్తకేసి చూడకుండానే అంది ఆ మాట. చూసి తిట్టి ఉంటే బాగుండేదనిపించింది మేనత్తకి.

గుమ్మం దగ్గరి అమ్మాయిని ఒక కాగితం తెమ్మంది. పేరూ, పనీ, ఫోను నంబరూ అడిగే కాగితం వెనక, నిలబడే నాలుగు వరసలు రాసి సంతకం పెట్టింది. ఇంజనీరు దాన్ని రెండు వేళ్ళతో అంచు పట్టుకుని చదివాడు. చదివి తిరిగి ఇచ్చేశాడు. ఆదివారం తీసుకోవడానికి తనకి అధికారం లేదట. రేపు పదింటికి ఆఫీసు తెరుస్తారు, అక్కడ ఇస్తే ముద్ర వేసి, ఆ తరవాత పని ఆపమని చెప్తారు. మరి లారీలు ఆరింటికి కదా అంది మేనకోడలు. ఆరింటికేనన్నాడు. ఆ నాలుగు గంటల మాటేమిటంది. కాంట్రాక్టరు వేరే మనిషి, నోటిమాటతో ఆపడానికి లేదు, నా చేతుల్లో ఏముంది మేడమ్ అన్నాడు. నిజంగానే బాధపడుతున్నట్టు ఉన్నాడు. అది చూస్తే మేనత్తకి ఇంకా ఒళ్ళు మండింది. కసాయితనంగా ఉన్నవాడితో పోట్లాడొచ్చు. వీడితో ఏం పోట్లాడతాం?

ఆమె వేదిక దిగి బయటికి నడిచింది. వెనక చెప్పుల చప్పుడు వినిపించింది. పూలగుత్తి బల్లమీదే వదిలేసి, కాగితాన్ని మడిచి జాకెట్లో దోపుకుని, మేనకోడలు వచ్చేస్తోంది. వచ్చి పక్కన నడవలేదు. దాటుకుని ముందుకి పోయింది. ఎండ వాలుతోంది. ముందు ఆమె, పది అడుగుల వెనక ఈమె. ఎదురొచ్చినవాళ్ళు, తల్లీ కూతుళ్ళు ఎక్కడో బాగా పోట్లాడుకుని వస్తున్నారనుకుని పక్కకి తప్పుకున్నారు.

ఏటి దిగువకి వచ్చేసరికి ఇంకా వెలుగుంది. మేనకోడలు చెప్పులు విసిరేసి, చీర మోకాళ్ళ పైకి దోపి, మొదటి గూటాన్ని రెండు చేతులా పట్టుకుని పీకింది. రాలేదు. కాలితో తన్ని మళ్ళీ పీకింది. వచ్చింది. ఎర్రరంగు అరచేతులకి అంటుకుంది.

"గూటాలు లేకపోతే ఎక్కడ పొయ్యాలో లారీవాడికి తెలీదు" అంది, ఎవరితోనో అన్నట్టు. "మళ్ళీ కొలవాలంటే మేస్త్రీ రావాలి, టేపు పట్టాలి, సున్నం పొయ్యాలి. పది అవుతుంది."

"కేసు పెడతారేమోనే" అంది మేనత్త.

"పెట్టనీ. ఏటి బిడ్డ అన్నారుగా."

మేనత్త ఈ గట్టు వరస అందుకుంది. గూటాలు పీకడం తేలికే. పురికొసతోనే చిక్కు. ఏటికి అడ్డంగా ఒక గట్టు నుంచి ఇంకో గట్టుకి, మళ్ళీ ఇటు, మళ్ళీ అటు, రెండు కిలోమీటర్లు అల్లి ఉంది. వదిలేస్తే వానకి కొట్టుకొచ్చి రాళ్ళకి చుట్టుకుంటుంది, చేపల మొప్పలకి తగులుకుంటుంది. చుట్టి తియ్యాలి. చుట్టాలంటే ఒకరు అటు, ఒకరు ఇటు.

మేనకోడలు నీళ్ళలో దిగి అవతలి గట్టుకి పోతుంటే, మేనత్త ఇక్కడి నుంచి చెప్పడం మొదలుపెట్టింది. ఆ నల్లరాయి మీద కాలెయ్యకు, జారుతుంది. ఎడమకి రా. తాడు కింద నుంచి పట్టు, పై నుంచి కాదు. తడిసింది గట్టిగా చుట్టకు, పీట ముడి పడుతుంది. పిల్ల ఎడమకి వచ్చింది. తాడు కింద నుంచి పట్టింది.

సగం దూరం పోయాక అవతలి గట్టు నుంచి గొంతు వినిపించింది.

"ఏ రాళ్ళ కింద?"

మేనత్త పురికొస చుట్టుకుంటూనే ఉంది. చెప్పేస్తే సరిపోతుంది. ఈ పొద్దు హాల్లో అందరి ముందూ తన పేరు తనే కొట్టేసుకున్న పిల్ల. నోరు తెరిచింది. వాళ్ళమ్మ గుర్తొచ్చింది. నలభై రోజులు నీళ్ళలో నిలబెట్టి, ఒకసారి జ్వరంతో ఉన్నా దింపి, ఒక్క మెచ్చుకోలు మాటైనా అనని అమ్మ.

"ఇంకా ముప్పై తొమ్మిది రోజులుంది" అంది.

అవతలి గట్టుమీద నుంచి పిల్ల తిట్టింది. కాలేజీలో నేర్చుకున్న తిట్లు కావవి, ఎనిమిదేళ్ళ లోపల ఈ ఏటి గట్టున నేర్చుకున్నవి. ఇన్నాళ్ళూ ఎక్కడ దాచుకుందో, ఒక్కటీ మర్చిపోలేదు. వాటిలో రెండు మేనత్త సొంతంగా కనిపెట్టినవే. తనకి సెలవు లేదంది. ముప్పై తొమ్మిది రోజులు కాదు కదా ముప్పై తొమ్మిది నిమిషాలు కూడా ఈ మొండిమనిషి కింద పని చెయ్యనంది. రేపు ఆరింటికి వచ్చి లారీలకి అడ్డంగా కూర్చుంటాననీ, పదింటికి కాగితం ఇచ్చి పదిన్నర బస్సుకి పోతాననీ చెప్పింది.

"కూర్చోవడానికి నేనున్నాలే. నువ్వు ఆఫీసు గుమ్మం దగ్గర ఉండు. తొమ్మిదిన్నరకే పో."

"నువ్వు చెప్తే నేను చెయ్యాలా?"

"తాడు వదులైంది. లాగు" అంది మేనత్త.

మేనకోడలు లాగింది. ఒళ్ళంతా కూడదీసుకుని, పన్నెండేళ్ళ చన్నీళ్ళ కసంతా తీర్చుకుంటున్నట్టు లాగింది. ఆ ఊపుకి మేనత్త మూడడుగులు ముందుకి తూలి, మోకాలి లోతు నీళ్ళలో పడబోయి, రాయి పట్టుకుని నిలదొక్కుకుంది. తమ్ముడు పోయాక ఇన్నేళ్ళలో రెండో కొస నుంచి ఆమెని ఎవరూ లాగలేదు. చెట్టు లాగదు.

"మెల్లగా లాగవే దయ్యమా" అంది.

అవతలి గట్టున పిల్ల మడమలు మట్టిలో దింపుకుని, ఇంకా గట్టిగా లాగింది.